అర్జీ పట్టిన అగ్రపీఠాధిపతి: రాఫెల్ చీనత్ (1934–2016)

బరంపురం బజారులో పసుపు కొనేవారికి కంధమాల్ పేరు కొత్తది కాదు. అస్కా దాటి, మన పెద్దలు రసెల్‌కొండ అని పిలిచిన భంజనగర్ దాటి, కళింగ ఘాట్ మలుపులు ఎక్కితే వచ్చే కొండసీమ అది. అక్కడి పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పెద్ద జబ్బు చేస్తే ఆ కొండల నుండి జనం దిగి వచ్చేది మన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికే. ఇంత దగ్గరి ఆ సీమలో 2007, 2008 సంవత్సరాలలో జరిగిన ఘోరాన్ని గూర్చి మాత్రం మనం ఒకరితో ఒకరం మాట్లాడుకొన్నది తక్కువ. మాట్లాడినా గొంతు తగ్గించి మాట్లాడుకొన్నాము.

ప్లాటినం జూబిలీ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు గంజాం కోట, ఖళ్ళికోట జమీందారులు, ఋషికుల్యా కాలువలు, ఇలా పలు విషయాలు మనసులో మెదిలాయి. చరిత్ర పాఠాలు చెప్పిన వాడికి అవి సులువైనవి. అయినా సులువు కాని విషయాన్నే ఎంచుకొన్నాను. ఒక తెలుగు బడి సంచికలో మలయాళ దేశాన పుట్టిన ఒక కథోలిక అగ్రపీఠాధిపతి గూర్చి వ్యాసమెందుకని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం వ్యాసం మధ్యలో వస్తుంది. అంతదాకా కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

ముందుగా ఆ కొండసీమకూ మనకూ గల పాత బంధుత్వాన్ని చెప్పుకోవాలి. నేటి కంధమాల్ జిల్లాలో రెండు వేర్వేరు పాలనల కింద నడిచిన భూములు కలిసి ఉన్నాయి. ఖోండ్‌మాల్స్ అనే భాగం బ్రిటిష్ వారి కాలంలో అంగుల్ జిల్లాకు చెందినది. బాలిగుడా, ఘుముసర ఉదయగిరి ప్రాంతాలు మాత్రం గంజాం ఏజెన్సీలో, అంటే మద్రాసు రాజధానిలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాంతో పాటు అవీ ఇటు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం బౌధ్‌తో కలిపి ఫుల్‌బాణీ జిల్లా ఏర్పడినది. 1994లో బౌధ్ విడిపోగా మిగిలినది నేటి కంధమాల్. కాబట్టి ఆ కొండలలో సగం ఒకప్పుడు మన గంజామే.

క్రైస్తవ మత చరిత్రలోనూ ఇదే కథ. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు సవాయి దేశం నుండి వచ్చి విశాఖపట్టణం కేంద్రంగా పని ప్రారంభించారు. గంజాం అంతా ఆ విశాఖ మిషనుకు లోబడినదే. కొండ అంచున ఉన్న సురడా గ్రామం వారికి ఈ వైపున తొలి స్థావరాలలో ఒకటి. ప్రొటెస్టెంటులలో బాప్తిస్టు మిషను వారు అంతకు ముందే, 1822లో కటకం చేరి, తరువాత బరంపురానికి వచ్చారు. కంధుల మెరియా నరబలి నుండి ప్రభుత్వం విడిపించిన పిల్లలను వారి అనాథాశ్రమాలలో పెంచిన సంగతి చరిత్ర విద్యార్థులకు తెలిసినదే. 1922లో స్పెయిన్ దేశపు విన్సెంట్ సభ గురువులు రాగా, 1928లో విశాఖ, కలకత్తాల నుండి వేరుచేసి కటకం మిషనును ఏర్పరచారు. అది 1937లో మేత్రాసనమైనది. 1974 జనవరి 24న కటకం-భువనేశ్వర్ అగ్రపీఠమూ, దాని నుండి విడిపోయిన బరంపురం మేత్రాసనమూ ఒకే రోజున ఏర్పడ్డాయి. ఈ పంపకంలో గంజాం, కోరాపుట్ వంటివి బరంపురానికి వచ్చాయి గాని, కంధమాల్ కొండలు మాత్రం అగ్రపీఠం కిందనే ఉండిపోయాయి. బస్సు మార్గాన బరంపురానికి దగ్గరైన ఊళ్ళ బాగోగులు భువనేశ్వర్ చూసుకోవలసి వచ్చిందన్నమాట.

పరిభాష తెలియని పాఠకుల కొరకు ఒక మాట. కథోలిక సంఘంలో ఒక ప్రాంతపు విచారణలన్నిటికీ పెద్ద మేత్రాణి, అనగా బిషప్. కొన్ని మేత్రాసనాలు కలిసిన మండలానికి పెద్ద అగ్రపీఠాధిపతి, అనగా ఆర్చిబిషప్. తన సొంత అగ్రపీఠం మీద ఉన్న అధికారం ఇతర మేత్రాసనాల మీద ఆయనకు ఉండదు. ఇంటి పెద్దన్న వంటి గౌరవమే తప్ప ఏలుబడి కాదు. కటకం-భువనేశ్వర్ తొలి అగ్రపీఠాధిపతి హెన్రీ డిసౌజా 1985లో కలకత్తాకు వెళ్ళారు. తరువాత 1997లో మదర్ థెరిసా కన్నుమూసినప్పుడు అక్కడి అగ్రపీఠాధిపతి ఆయనే. ఆయన ఖాళీ చేసిన పీఠానికి వచ్చినవారు రాఫెల్ చీనత్.

చీనత్ గారు 1934 డిసెంబరు 29న కేరళలోని త్రిశ్శూరు ప్రాంతపు మణలూరులో జన్మించారు. దైవవాక్య సభలో చేరి 1963లో గురుపట్టం పొందారు. ఈ సభ 1932లో ఇండోరు ప్రాంతంలో అడుగుపెట్టి, తరువాత ఒరిస్సా పశ్చిమ జిల్లాలలో పని చేస్తూ వచ్చినది. ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, 1974లో, ఆయన సంబల్‌పూర్ మేత్రాణి అయ్యారు. పదకొండేళ్ళు అక్కడ పనిచేశారు. అటు పిమ్మట 1985 నుండి 2011 వరకు, పాతికేళ్ళకు పైగా, భువనేశ్వర్ పీఠం. అంటే మేత్రాణిగా ఆయన జీవితమంతా ఒరిస్సాలోనే గడిచింది. పుట్టినది కేరళలో, పనిచేసినది ఒడియా దేశంలో. ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇటువంటి జీవితం అర్థం కానిది కాదు.

ఆ పాతికేళ్ళలో తొలి సగం గూర్చి చెప్పుకోవలసినది అంతగా లేదు. బడులు, వైద్యశాలలు, విచారణ గుడులు, గురు విద్యార్థుల చదువులు, ఏ పీఠానికైనా ఉండే నిత్యకృత్యాలే. 1999 నుండి మాత్రం పరిస్థితి మారింది. ఆ జనవరిలో కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు కొడుకులనూ జీపులో సజీవంగా దహనం చేశారు. సెప్టెంబరులో మయూర్‌భంజ్‌లో అరుళ్ దాస్ అనే కథోలిక గురువు హత్యకు గురయ్యారు. అక్టోబరులో కొద్ది రోజుల ఎడంలో రెండు తుఫానులు, ఒకటి మన గోపాలపురం దగ్గర, ఒకటి పారాదీప్ దగ్గర. ఆ రెండవదానినే ఇప్పటికీ మహాతుఫాను అంటున్నాము. మనుషులు చేసిన ఘాతుకమూ, ప్రకృతి చేసిన ఘాతుకమూ ఒకే ఏడాదిలో ఆయన ముందుకు వచ్చాయి.

ఇక కంధమాల్ సంగతి. అక్కడి తగాదాను మతం మాట ఒక్కటే చెప్పి వదలివేస్తే చరిత్రకు అన్యాయం చేసినట్లే. ఆ జిల్లాలో కంధులు గిరిజనులు. పాణోలు షెడ్యూల్డు కులాలవారు. ఇరువురూ తరతరాలుగా పక్కపక్కనే బతికారు. చాలామంది పాణోలు ఇంట్లో కుయి భాషే మాట్లాడతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాలవారు క్రైస్తవులైతే ఆ కులానికి రావలసిన రిజర్వేషన్లు పోతాయి. గిరిజనులు క్రైస్తవులైతే వారి హోదా పోదు. అందువలన క్రైస్తవులైన పాణోలు తామూ కుయి జనులమేనని, తమకు గిరిజన హోదా ఇవ్వవలెనని కోరసాగారు. ఆ కోరిక నెరవేరితే తమ వాటాయే తరుగుతుందని కంధుల భయం. దానికి తోడు గిరిజనుల భూములు ఇతరుల చేతుల్లోకి పోయిన పాత ఫిర్యాదులు. ఆ ఫిర్యాదులు బూటకం కావు. మరొక వైపు 1967 నుండి ఒరిస్సా మతస్వేచ్ఛా చట్టం అమలులో ఉండగా, మతమార్పిడి గూర్చిన వివాదం దశాబ్దాలుగా రగులుతూనే ఉన్నది. 1960ల చివరి నుండి చకాపాదలో ఆశ్రమం నెలకొల్పి, జలేస్‌పటాలో బాలికలకు సంస్కృత విద్య నేర్పిన స్వామి లక్ష్మణానంద సరస్వతి మతమార్పిడులకు వ్యతిరేకంగా నడిచిన ఉద్యమానికి నాయకులు.

2007 డిసెంబరు 24న బ్రాహ్మణీగావ్‌లో క్రిస్మసు అలంకరణల దగ్గర మొదలైన ఘర్షణ జిల్లా అంతటా వ్యాపించింది. గుడులు, ఇళ్ళు తగులబడ్డాయి. బ్రాహ్మణీగావ్‌లో హిందువుల ఇళ్ళు కూడా కాలాయి. అది చల్లారకముందే 2008 ఆగస్టు 23, కృష్ణాష్టమి నాటి రాత్రి, జలేస్‌పటా ఆశ్రమంలో ఎనభై దాటిన స్వామినీ, మరి నలుగురినీ తుపాకులతో కాల్చి చంపారు. మావోయిస్టులు తామే చంపామని ప్రకటించుకొన్నారు. వారి నాయకుడు సవ్యసాచి పండా తరువాత 2014 జూలైలో మన బరంపురంలోనే పోలీసులకు పట్టుబడ్డాడు. హత్యను క్రైస్తవ పెద్దలు ఖండించారు. కాని ఆ మాట వినే స్థితిలో ఎవరూ లేరు. మర్నాటి నుండి వారాల తరబడి క్రైస్తవుల పల్లెలపై దాడులు సాగాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవారు 39 మంది. క్రైస్తవ సంఘాల లెక్కలో దానికి రెండింతలు పైబడి. యాభై వేలకు పైగా జనం ఇళ్ళు విడిచారని ఆ సంఘాలు లెక్క చెప్పాయి. కొందరు అడవులలో తలదాచుకొని, ఆ తరువాత శిబిరాలకు చేరారు. ఎందరో భువనేశ్వర్‌లోని సాలియా సాహి మురికివాడకూ, ఇంకా దూరాన కేరళకూ వలసపోయారు. అగ్రపీఠపు కోశాధికారి బెర్నార్డ్ దిగాల్ అనే గురువు ఆ ఆగస్టులోనే తీవ్రంగా దెబ్బలు తిని, అక్టోబరు 28న చెన్నైలో ప్రాణం విడిచారు.

ఇటువంటి సమయాన ఒక మతపెద్ద ఏమి చేయగలడు? ఆయన చేతిలో పోలీసులు లేరు, ఓట్లు లేవు. ప్రార్థన చేయమనడం ఆయన వృత్తి. క్షమించమనడం కూడా అంతే. ఆ రెండూ చీనత్ గారు చేశారు. దెబ్బకు దెబ్బ కొట్టవద్దని తన జనానికి చెప్పారు. కాని అక్కడితో ఆగలేదు. తన పేరు మీద, ఒక పౌరుడిగా, నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేశారు. రాజ్యాంగం 32వ అధికరణం కింద అది 2008వ సంవత్సరపు 404వ సివిల్ రిట్. కేంద్ర బలగాలు కావాలి, దర్యాప్తు నిష్పక్షపాతంగా జరగాలి, నష్టపరిహారం ఇవ్వాలి, ఇవి అందులోని ప్రధానమైన కోరికలు.

ఈ పనిని తేలికగా తీసుకోరాదు. చాలామంది పెద్దలు అటువంటి సందర్భంలో ముఖ్యమంత్రి గారిని కలిసి వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి వస్తారు. అధికారులతో మంచిగా ఉండి లోపాయికారీగా పని చక్కబెట్టుకోవడం మన దేశంలో సంస్థలు నడిపే వారందరికీ అలవాటైన దారి. ఆ దారిలో సంస్థకు భద్రత ఉన్నది గాని, కాలిపోయిన ఇంటి యజమానికి హక్కు లేదు. ఇచ్చినది దయ అవుతుంది. రిట్ వేయడమంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని ప్రతివాదిగా నిలబెట్టడం. బడులకు గుర్తింపు, ఆసుపత్రులకు అనుమతులు, విరాళాలకు లెక్కలు, ఇలా అడుగడుగునా ఆ ప్రభుత్వం దయ మీద నడిచే సంస్థల పెద్ద ఆ పని చేయడానికి తెగింపు కావాలి. చీనత్ గారి నాయకత్వంలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా కనిపించేది ఇదే.

ఇక్కడ పాఠకులకు మొదట్లో చెప్పిన సమాధానం వస్తుంది. రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. అందులో "మతం ఆధారంగా గాని, భాష ఆధారంగా గాని" అని రెండు రకాల అల్పసంఖ్యాకులను ఒకే వాక్యంలో చేర్చారు. అగ్రపీఠాధిపతి గారి కాన్వెంటు బడికీ, ఒడియా దేశంలో తెలుగు అక్షరాలు దిద్దించే మన బడికీ ఆధారం ఆ ఒక్క వాక్యమే. డెబ్బయి అయిదేళ్ళు నిండిన మన బడికీ, రాజ్యాంగానికీ దాదాపు ఒకే వయస్సు. వారి హక్కు కొండల మీద కాలిపోతుంటే అది మనకు సంబంధం లేని సంగతి అనుకోవడం, ఒకే దూలం మీద నిలిచిన రెండు గదులలో పక్క గది కప్పు కురుస్తున్నదని ఊరుకోవడం వంటిది. ఆ రోజులలో తరగతి గదిలో ఈ మాట పిల్లలకు చెప్పనందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉన్నది. పాఠ్యప్రణాళికలో లేదన్నది నాకు నేను చెప్పుకొన్న సాకు.

చీనత్ గారి నాయకత్వంపై విమర్శలు లేకపోలేదు. ఆయన గొంతు కొండ పల్లెలలోకంటె ఢిల్లీలోనే ఎక్కువ వినబడిందని ఒక మాట. నిజమే కావచ్చు, వినవలసినవారు అక్కడ ఉన్నారు కాబట్టి. భూముల విషయంలో కంధుల పాత ఫిర్యాదును క్రైస్తవ నాయకత్వం 2007కు ముందే గట్టిగా పట్టించుకొని ఉంటే బాగుండేదన్నది మరొక మాట. ఇది తోసిపుచ్చదగినది కాదని నా అభిప్రాయం. కోర్టు తీర్పు నష్టపరిహారం ఇప్పించగలదు గాని, చెరువు దగ్గర ఎదురుపడే ఇద్దరు పొరుగువారి చేత పలకరింపు చేయించలేదు. ఆ పని భువనేశ్వర్ నుండి జరిగేది కూడా కాదు.

కేసు నడిచినంత కాలం ఫుల్‌బాణీలో ప్రత్యేక త్వరిత న్యాయస్థానాలు కూర్చున్నాయి. విచారణ సంఘాలు కూర్చున్నాయి. 2007 ఘటనలపై న్యాయమూర్తి బాసుదేవ పాణిగ్రాహి, 2008 ఘటనలపై చివరకు న్యాయమూర్తి ఎ.ఎస్. నాయుడు విచారణ జరిపారు. నాయుడు గారి నివేదిక 2015 డిసెంబరులో ప్రభుత్వానికి చేరింది. స్వామి హత్య కేసులో 2013లో ఒక మావోయిస్టు నాయకుడికీ, ఏడుగురు స్థానిక క్రైస్తవులకూ జీవిత ఖైదు పడింది. ఆ ఏడుగురూ నిర్దోషులని క్రైస్తవ సంఘాలు వాదించాయి. వారిలో గోర్నాథ్ చాలన్‌సేథ్‌కు 2019లో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. ఈలోగా 2011 ఫిబ్రవరి 11న చీనత్ గారు పీఠం నుండి విరమించారు. ఆ స్థానంలోకి సుందర్‌గఢ్ గిరిజన కుటుంబంలో పుట్టిన జాన్ బర్వా వచ్చారు. పీఠం మారింది గాని రిట్ మీద పేరు మారలేదు. విశ్రాంతి తీసుకొంటున్న వృద్ధుడి పేరు మీదనే అది వాయిదా నుండి వాయిదాకు నడిచింది.

2016 ఆగస్టు 2న ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్, న్యాయమూర్తి యు.యు. లలిత్ తీర్పు చెప్పారు. మృతుల కుటుంబాలకు అంతకు ముందు ఇచ్చిన దానికి తోడు మరి మూడు లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలన్నారు. గాయపడినవారికీ, ఇళ్ళు కోల్పోయినవారికీ కూడా పరిహారం పెంచారు. కాని నా దృష్టిలో ఆ తీర్పులో విలువైనవి ఆ రూపాయలు కావు, అందులోని లెక్కలు. నమోదైన కేసులు 827. అభియోగపత్రం దాఖలైనవి 512. మిగిలిన 315 కేసులను నేరం జరగలేదనో, చేసినవారు దొరకలేదనో పోలీసులు మూసివేశారు. విచారణ పూర్తయిన 362 కేసులలో శిక్ష పడినవి 78 మాత్రమే. మూసివేసిన ఆ 315 కేసులను తిరిగి పరిశీలించాలనీ, నిర్దోషులుగా విడిచిపెట్టిన కేసులలో అప్పీలుకు తగినవి ఏవో చూడాలనీ న్యాయస్థానం ఆదేశించింది. ఇంత పెద్ద సంఖ్యలో కేసులు అలా ముగియడం కలవరపరచే విషయమని అత్యున్నత న్యాయస్థానం చేత రికార్డు మీద అనిపించడానికి ఒక మనిషి ఎనిమిదేళ్ళు ఆ అర్జీని పట్టుకొని ఉండవలసి వచ్చింది.

తీర్పు వచ్చిన పన్నెండు రోజులకు, 2016 ఆగస్టు 14న, ముంబయిలో చీనత్ గారు కన్నుమూశారు. ఆయనకు ఎనభై ఒక్క ఏళ్ళు. తీర్పు చూసే పోయారని చెప్పుకోవచ్చు. దాని అమలు చూసి పోయారని చెప్పలేము.

2023 అక్టోబరులో రోము నగరం నుండి ఒక అనుమతి వచ్చింది. 2008లో కంధమాల్‌లో మరణించిన కాంతేశ్వర్ దిగాల్, మరి 34 మంది జీవితాలను పరిశీలించి, వారిని ధన్యులుగా ప్రకటించదగునా అన్న విచారణ ప్రారంభించవచ్చని ఆ అనుమతి సారాంశం. కథోలిక సంఘంలో ఇటువంటి విచారణలో ఒక్కొక్కరి గూర్చీ సాక్షులను పిలిచి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కళ్ళ ముందు అని అడిగి రాసుకొంటారు. మూసివేసిన 315 దస్త్రాల మాట ఎలా ఉన్నా, ఆ 35 మంది పేర్లు మాత్రం ఇప్పుడు ఒక రాతలోకి ఎక్కుతున్నాయి.